బెల్టు మీద ఒండ్రు గీత

మా ఇంట్లో పిల్లలకి ఎక్కాల కంటే ముందు వంకలు పెట్టడం వచ్చేది. రాజమండ్రి బజారు సందులో మాది చింతపండు, జీడిపప్పు, కుంకుడుకాయలు అమ్మే కొట్టు. కొనేటప్పుడు చింతపండులో గింజ ఎక్కువనీ, చెమ్మ తగిలిందనీ, రంగు మారిందనీ అనాలి. అదే చింతపండు అమ్మేటప్పుడు అంత మంచి సరుకు గోదావరికి ఇవతల లేదనాలి. మా నాన్న ఒక్కటే చెప్పేవాడు: "అమ్మేవాడు సరుకుతో పాటు కథ కూడా ఇస్తాడ్రా. సరుకు తూచుకో. కథ వాడికే వదిలెయ్."

నేను జీవితమంతా అదే చేశాను. పెళ్లిచూపుల్లో కూడా మా మామగారు వాళ్ల వంశం గురించి చెబుతుంటే నేను వాళ్లింటి కుర్చీ కోళ్లు చూశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిజమే, చూశాను. ఒకటి అతికించి ఉంది.

ఆ విద్యతోనే మూడేళ్ల కిందట ఒక పాత ఫోర్ బై ఫోర్ కొన్నాను. కొనే క్రమంలో, భర్త సుఖంగా పోయాడని నమ్ముకుని బతుకుతున్న ఒకావిడ దగ్గర్నుంచి ఆ నమ్మకం కాస్తా లాగేసుకున్నాను. బండి గురించి రాయాలంటే ముందు ఇది ఒప్పుకోవాలి.

అవసరం నిజమైనదే. చింతపండు కోసం కొండ సంతలకి వెళ్లాలి. వానాకాలంలో మట్టిరోడ్ల మీద మా పాత వ్యాను ఎన్నిసార్లు కూరుకుపోయిందో, దాన్ని లాగిన ట్రాక్టర్ల వాళ్లు నాకు శుభలేఖలు కూడా ఇచ్చేవాళ్లు. అలాగని పెద్ద బండి కొంటే మా సందులో తిరగదు. ఒక పక్క అరుగు, ఒక పక్క డ్రైను, మధ్యలో ఎవరిదో ఒకరి స్కూటరు.

"కొండెక్కాలి, సందులోనూ దూరాలి. మీక్కావల్సింది బండి కాదండి, మేక," అంది మా ఆవిడ.

రెండు నెలలు తిరిగాను. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులాయన బండి పైకి పెళ్లికొడుకులా ఉంది. చొక్కా విప్పేసి కిందకి దూరి స్క్రూడ్రైవరుతో ఛాసిస్‌ని పొడిచాను. సగం లోపలికి పోయింది. ఉప్పుగాలికి తినేసింది.

"అది మరకండీ," అన్నాడాయన పైనుంచి.

"మరకలో స్క్రూడ్రైవరు దిగడం ఇదే చూడ్డమండీ," అన్నాను కిందనుంచి.

జంగారెడ్డిగూడెంలో పామాయిల్ రైతు బండికి ఇంజను బాగుంది గానీ నాలుగు చక్రాలకీ ఊపు కలిపే గేరు లివరు కదల్లేదు. "దాంతో ఎప్పుడూ పనిపడలేదండీ, ఆయ్," అన్నాడు. కదలని లివరుతో ఎవరికి మాత్రం పని పడుతుంది! ఆ రెండు బళ్లూ ఎవరో డాక్టరుగారు నడిపినవేనట. ఈ జిల్లాల్లో అమ్మకానికొచ్చిన ప్రతి పాత బండినీ ఒక డాక్టరు నడిపే ఉంటాడు. మరి పేషెంట్లని ఎప్పుడు చూస్తారో.

మూడోది లంకల వైపు, ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఊళ్లో. కొబ్బరితోట, పెంకుటిల్లు, ముందు సిమెంటు చప్టా. బండి చప్టా మీద నీడలో ఉంది. పొట్టి బండి, ఎత్తైన బండి. సందుకీ కొండకీ రెంటికీ సరిపోతుంది. చూడగానే మనసు పడింది. మనసు పడినప్పుడు మొహం చిట్లించాలన్నది కూడా మా కొట్లో పాఠమే. చిట్లించాను.

బండి యజమాని పోయి ఆరు నెలలైంది. ఆయన భార్య యాభై దాటినావిడ, చీరకొంగు భుజమ్మీదుగా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన తమ్ముడు, అంటే ఆవిడ మరిది, తాళంచెవి పట్టుకుని బండి చుట్టూ నాతోపాటు తిరుగుతున్నాడు. నేను ఎటు వంగితే అటు వంగుతున్నాడు.

టైర్లు బాగున్నాయి. ఇంజను తాళం తిప్పగానే అందుకుంది. లివరు వెన్నలో చాకులా దిగింది. సీట్లకి కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు. తలుపు తియ్యగానే మల్లెపూల సెంటు వాసన గుప్పున కొట్టింది. అంత సెంటు ఎందుకు కొడతారు? పుచ్చు సరుకు మీద మా నాన్న కాసిని మంచి కాయలు పరిచేవాడు. అలాంటిదే ఇదీ అనుకున్నాను.

"ఆయన ప్రాణంలా చూసుకున్నారండీ దీన్ని," అంది ఆవిడ గుమ్మంలోంచే. "వరదలప్పుడు నేను మా అమ్మాయి పురిటికని పిఠాపురంలో ఉన్నాను. ఈయన గట్టు మీద వస్తా ఉంటే గుండెల్లో నెప్పొచ్చిందంట. బండి పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగు మీద తలాన్చుకుని పోయారు. నిద్రపోయినట్టే ఉన్నారంట. పోయేటప్పుడు కూడా హ్యాండ్ బ్రేకు మర్చిపోలేదండీ మనిషి."

చివరి మాట ఆవిడ కొంచెం గర్వంగా అంది. ఇప్పుడు తెలుస్తోంది, అది గర్వమని. అప్పుడు నాకు వినపడింది ఇంకోటి: బండి జాగ్రత్తగా వాడిన బండి, నీళ్లలో దిగని బండి, అంచేత ధర తగ్గదు. డాక్టరుగారి కథలాంటి కథే. కాకపోతే ఇంతకుముందు విన్నవాటికంటే బాగా అల్లారు.

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. లోపలినుంచి తలుపు తీయబోతే హ్యాండిలు ఊగింది గానీ తలుపు తెరుచుకోలేదు. దించి ఉన్న అద్దంలోంచి చెయ్యి బయటికి పెట్టి తీసుకుని దిగాను. ఆ వంకని రెండో విడత బేరానికి దాచుకున్నాను. వంకలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టకూడదు.

తర్వాత సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాను. పాత బండి కొనేవాళ్లు ఎవరూ చెయ్యని పని ఇది. అమ్మేవాళ్లు సీట్లు మారుస్తారు, మ్యాట్లు మారుస్తారు, లోపల చుట్టుకుని ఉండే బెల్టుని మాత్రం ఎవరూ కడగరు. బెల్టు వచ్చింది. కొంతమేర బూడిద రంగు. ఆ తర్వాత ఎర్రటి ఒండ్రు, నేతలోకి ఇంకిపోయి, గోకితే పొడిగా రాలుతోంది. ఆ రెండు రంగుల మధ్య గీత గీసినట్టుంది. విచిత్రంగా ఆ గీత బెల్టుకి అడ్డంగా లేదు, వాలుగా ఉంది. ఎందుకు వాలుగా ఉందో నేను ఆలోచించలేదు. నాకు కావల్సింది దొరికింది, అంతే.

మరిది మొహం చూశాను. తెల్లబోయి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. అప్పుడైనా అతన్ని పక్కకి పిలిచి చెబితే సరిపోయేది. కానీ వంక నలుగురికీ వినపడేలా పెట్టాలి, అప్పుడే బేరం దిగుతుంది. నలభై ఏళ్ల అలవాటు.

"అక్కగారూ," అన్నాను గట్టిగా, "గట్టు మీద హ్యాండ్ బ్రేకు వేసి ఆపిన బండికి ఇంత ఒండ్రు ఎక్కడిదండీ? ఇది మునిగిన బండి. సీటు దాటి మునిగింది. కథలు చెప్పి బళ్లు అమ్మొచ్చు గానీ గోదావరి సంతకం పెట్టాక దాచలేరండీ."

మాట బాగా కుదిరిందని లోపల సంతోషించాను కూడా.

ఆవిడ గుమ్మం దిగి వచ్చింది. బెల్టు వైపు చూసింది, మరిది వైపు చూసింది.

"వదినా, అదేం కాదు, కడిగినప్పుడు..." అన్నాడతను.

"ఎంత ఎత్తు దాకా అండీ?" అనడిగింది నన్ను.

నేను ఇంకా బేరంలోనే ఉన్నాను. చేత్తో సీటు వీపు మీద చూపించాను. ఆవిడ నన్ను పక్కకి జరగమని, సీట్లో ఎక్కి కూర్చుంది. చీర సర్దుకుని బెల్టు పెట్టుకుంది. అప్పుడు చూశాను. బెల్టు మనిషి మీద ఏటవాలుగా పడేసరికి, దాని మీద వాలుగా ఉన్న గీత సమంగా నిలబడింది. నీళ్ల గీతలా, సరిగ్గా ఆవిడ గొంతు కింద.

వట్టి సీటు మునిగితే ఆ గీత అలా పడదు. మనిషి పెట్టుకుని కూర్చున్న బెల్టు మీదే పడుతుంది.

ఆవిడ కిందకి చూసుకుంది. వేలితో ఆ గీతని తాకింది. మరిది చప్టా మీద కూలబడి, "కాజ్‌వే మీద, వదినా..." అన్నాడు. మిగతాది ఏడుపులో వచ్చింది. కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నాయట. నాలుగు చక్రాలూ తిరిగే బండి కదా, దాటేస్తుందని అన్నగారు దిగారట. బండి పక్కకి జారి కాలవలో నిలబడిపోయింది. గంటకి పైగా. తాళ్లు కట్టుకుని వెళ్లినవాళ్లు బయటికి తీసేసరికి ఊపిరి ఉంది, ఆస్పత్రి దారిలో గుండె ఆగింది. "గుండె అన్నది అబద్ధం కాదు వదినా. నువ్వు తట్టుకోలేవని మిగతాది చెప్పలేదు."

నేను బెల్టు లాగిన చేత్తో అలాగే నిలబడ్డాను. వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. ఎందుకంటే కాసేపటికి ఆవిడ లోపలికి వెళ్లాక, మరిది నా దగ్గరికి వచ్చి, "ఎంతిస్తారో ఇచ్చి తీసుకెళ్లిపోండి. ఇది ఇక్కడ ఉండకూడదు," అన్నాడు. నేను మొదటి విడతకని మనసులో అనుకున్న ధర, అంటే ఎవడూ ఒప్పుకోడని తెలిసి చెప్పే ధర, చెప్పాను. ఒప్పుకున్నాడు. నా బతుకులో ఎదురు మాట లేకుండా కుదిరిన బేరం అదొక్కటే.

తలుపు వంక నా దగ్గరే మిగిలిపోయింది.

ఇంటికొచ్చాక నా గొప్ప ఎవరికీ చెప్పుకోలేకపోయాను. బండి మాత్రం చెప్పినట్టల్లా వింది. సందులో తిరిగింది, కొండ ఎక్కింది. కానీ ఏసీ వేసిన మొదటి నిమిషంలో వరద తీసిన మర్నాటి ఇంటి వాసన వచ్చేది. డ్యాష్‌బోర్డు రోజూ తుడిచినా ఎర్రటి నుసి మళ్లీ పేరుకునేది. మా మెకానికు మేస్త్రి ఏసీ గొట్టాలన్నీ ఊదించి కడిగాడు. వారానికి మళ్లీ మొదలు. వాన పడుతున్నప్పుడు బెల్టు పెట్టుకుంటే గొంతు కింద చల్లగా తగిలేది. తడిలేదని తెలుసు, చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి. అయినా తగిలేది. మా ఆవిడ ఒకసారి ఎక్కి, దిగి, "ఇందులో ఎవరో కూర్చుని ఉన్నట్టుందండీ," అంది. నేను ఆవిడకి అప్పటికి ఏమీ చెప్పలేదు.

ఇరవై రోజులకి ఫోను వచ్చింది. మధ్యాహ్నం, కొట్లో జనం లేని వేళ.

"నేనండీ, బండి అమ్మినావిడిని. ఒక మాట అడగొచ్చాండీ?"

"అడగండి అక్కగారూ."

"దాని అద్దాలు తిప్పేవా, బటన్‌వా?"

"బటన్‌వండీ."

"నీళ్లు తగిలితే బటన్ పనిచేస్తదా అండీ?"

"పనిచెయ్యకపోవచ్చండీ," అన్నాను. "ఆహా," అని పెట్టేసింది.

మరో పది రోజులకి: "నీళ్లలో ఉన్నా లైట్లు వెలుగుతాయా అండీ? పొద్దుగూకే వేళంట అది." కాసేపు వెలుగుతాయని చెప్పాను. "కాసేపంటే?" అంది. నాకు తెలియదన్నాను. సరుకు గురించి తెలియదనడం కూడా నాకు అదే మొదలు. ఇంకోసారి హారన్ గురించి. ఇంకోసారి సీటు ఎంత వెనక్కి జరుగుతుందని. మరిదిని అడగొచ్చు కదా అంటే, "ఆయన చెప్తే నమ్మకం కుదరట్లేదండీ ఇప్పుడు. మీరైతే దాచరు కదా," అంది. అది తిట్టో మెప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు నెలలు ఇలా గడిచాయి. మధ్యాహ్నం మూడయితే నేను ఫోను వైపు చూడ్డం, గుమస్తా నన్ను చూడ్డం. చివరికి ఒకరోజు రావలసిన ప్రశ్న వచ్చింది.

"డ్రైవరు వైపు తలుపు లోపల్నించి తెరుచుకుంటదా అండీ?"

తెరుచుకోదు. నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. అద్దం దించుకుని బయటనుంచి తీసుకుంటూనే తిరుగుతున్నాను. పైసా ఖర్చు పెట్టడానికి పదిసార్లు ఆలోచించే జాతి కదా.

"తెరుచుకుంటదండీ," అన్నాను.

"నేనొకసారి వచ్చి చూసుకోవచ్చా?"

ఎల్లుండి రమ్మని, ఆ సాయంత్రమే బండి మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి తలుపు లోపలి అట్ట విప్పి చూసి నన్ను పిలిచాడు. హ్యాండిలు నుంచి తాళానికి వెళ్లే ఉక్కుతీగ తెగి ఉంది.

"మునిగి తుప్పట్టి తెగిందా?"

"తుప్పుకి తెగితే కొస పొడిపొడిగా ఉంటదండీ షావుకారుగారూ. ఇది పురి విడిపోయింది చూడండి. ఎవరో శక్తంతా పెట్టి గుంజారు. మళ్లీమళ్లీ గుంజారు. హ్యాండిలు కింద ప్లాస్టిక్కు కూడా చిట్లిపోయింది."

"బెల్టు పెట్టుకునే ఉన్నాడు మనిషి. ముందు అది ఎందుకు తీసుకోలేదంటావ్?"

"కంగార్లో మనిషికి బెల్టు గుర్తుండదండీ. తలుపే గుర్తుంటది."

ఈ మాట ఆవిడకి చేరకూడదనుకున్నాను. ఒకసారి నోరు పారేసుకున్నందుకు ఈసారైనా దాచి పుణ్యం కట్టుకుందామని. కొత్త తీగ, కొత్త హ్యాండిలు వేయించాను. మేస్త్రి అడిగిన కూలికి బేరమాడలేదు. అతను కంగారుపడి, "ఒంట్లో బానే ఉందాండీ?" అన్నాడు.

ఆవిడ బస్సు దిగి, ఆటోలో కొట్టు దగ్గరికి వచ్చింది. మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా బండి చూపించమంది. డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, హ్యాండిలు లాగింది. తలుపు తెరుచుకుంది. మళ్లీ వేసుకుంది, మళ్లీ లాగింది. అయిదారు సార్లు. చిటికెన వేలితో లాగినా తెరుచుకుంటోంది. నేను పక్కన నిలబడి, ఊరట కోసం ఆవిడ మొహంలో వెతుకుతున్నాను.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత తేలిగ్గా వస్తదే," అంది. ఎవరితోనో కాదు, ముందున్న అద్దంతో. "మరి ఎందుకు దిగలేదండీ ఈయన?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ ఏడాది మా చేపల చెరువు నష్టంలో పోయిందండీ. నేను పిఠాపురం వెళ్లేముందు గొడవపడ్డాం. నేను కూడా ఒక మాట అన్నాను. తలుపు తెరుచుకుంటా ఉంటే గంటసేపు కూర్చున్నారంటే..." ఆపింది. "దిగొద్దనుకున్నారన్నమాట."

నేను వేయించిన కొత్త తీగ ఆ మనిషి మీద ఎంత నింద వేసిందో అప్పుడు తెలిసింది. మొదట నిజం చెప్పి ఒకటి లాక్కున్నాను. ఇప్పుడు అబద్ధం బాగు చేయించి తెచ్చి రెండోది లాక్కుంటున్నాను.

"అక్కగారూ, అది తెరుచుకోలేదండీ," అన్నాను. "మొన్న బాగుచేయించాను. మీరొస్తున్నారని."

తల తిప్పి చూసింది. ఆ చూపు నేను ఎరుగుదును. నేను కథ చెబుతున్నవాళ్లని చూసే చూపు అదే.

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నారా?"

ఏం చెప్పినా నమ్మదని తెలిసిపోయింది. నమ్మడానికి నేనేమైనా మిగిల్చానా? ఒట్టు పెట్టబోయి మానేశాను. కొట్లో రోజుకి నాలుగు ఒట్లు పెడతాను, నా ఒట్టు ధర నాకు తెలుసు. పక్కసీట్లోకి జరగమని చెప్పి, స్టీరింగు దగ్గర కూర్చుని, ఆవిణ్ణి నేరుగా మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లాను.

"మేస్త్రీ, ఈ తలుపు గురించి నాకేం చెప్పావో ఈవిడకి చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు," అన్నాను.

అతనికి ఆవిడెవరో తెలియదు. బండి కొనడానికొచ్చిన మనిషనుకున్నాడు కాబోలు, ఉన్నదున్నట్టు చెప్పాడు. తీగ పురి ఎలా విడిందో, హ్యాండిలు ఎక్కడ చిట్లిందో, అంతా. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగింది:

"ఒక చేత్తో లాగితే తెగుతదా అండీ?"

"ఒక చేత్తో తెగదమ్మా. రెండు చేతులూ వేసుండాలి. కాలు తన్నిపెట్టి మరీ గుంజుంటారు."

"ఎన్నిసార్లు?"

"ఎన్నో సార్లమ్మా."

ఆవిడ వెళ్లి మళ్లీ డ్రైవరు సీట్లో కూర్చుంది, తలుపు వేసుకుంది. మేమిద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. మేస్త్రికి అప్పుడు అర్థమైంది. చేతిలో గుడ్డతో తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంటున్నాడు. "ముందే చెప్పొద్దాండీ షావుకారుగారూ," అన్నాడు మెల్లగా.

అద్దంలోంచి చూస్తే ఆవిడ ఏడుస్తోంది. ఆ రోజు చప్టా మీద ఏడవలేదు, ఫోన్లో ఏడవలేదు. ఇప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా ఏడుస్తోంది. తర్వాత నడుము పైనుంచి ఒళ్లంతా తలుపు వైపు తిప్పి, రెండు చేతులూ హ్యాండిలు దగ్గర పెట్టింది. లాగలేదు. ఊరికే పెట్టి ఉంచింది.

నేను వెళ్లి అద్దం దగ్గర నిలబడ్డాను. ఆవిడ అద్దం దించింది.

"ఆయనది ఎడమచేతి వాటమండీ," అంది. "ఇలా తిరిగి లాగుంటారు."

"అయ్యుంటదండీ."

"వచ్చేద్దామనే చూశారు."

"వచ్చేద్దామనే చూశారండీ," అన్నాను. ఎదుటివాళ్ల మాటకి అడ్డుచెప్పకుండా, ఏమీ కలపకుండా, ఏమీ తగ్గించకుండా తిరిగి అప్పజెప్పడం నాకు చేతకాదు. ఆ ఒక్కసారి చేశాను.

కళ్లు తుడుచుకుని, బస్సు ఎన్నింటికని అడిగింది.